బాణీ కట్టినవారి పేరు



ఆగస్టు 15 ఉదయం మన బడుల్లో జెండా ఎగరేశాక పిల్లలు పాడే పాటల్లో ‘జయ జయ జయ ప్రియ భారత’ ఒకటి. రాసింది దేవులపల్లి కృష్ణశాస్త్రి అని చాలామందికి తెలుసు. పాఠ్యపుస్తకంలో ఆ పేరు ఉంటుంది. పరీక్షలో అడుగుతారు కూడా. మరి ఆ పాటకు బాణీ కట్టిందెవరు? పుస్తకంలో అచ్చయిన గేయానికి బాణీ ఉండదు. కాగితం మీద అవి పొడుగాటి సమాసాలు. ఆరో తరగతి పిల్లవాడు చదవబోతే నాలుక తడబడుతుంది. అదే పిల్లవాడు పాడితే ఎక్కడా తట్టుకోడు. నలభైమంది తలో శ్రుతిలో అందుకున్నా, రెండో పంక్తికల్లా ఒక్కటవుతారు. ఆ పని చేస్తున్నది బాణీ. ఆ బాణీ వింజమూరి అనసూయాదేవి గారిది.

అనసూయాదేవి 1920లో కాకినాడలో పుట్టారు. కృష్ణశాస్త్రి గారికి మేనకోడలు. చెల్లెలు సీతతో కలిసి ‘వింజమూరి సోదరీమణులు’గా సభల్లో, రికార్డుల మీద, రేడియోలో పాడారు. పల్లెల్లో దంపుళ్ల దగ్గర, ఊయల దగ్గర, పెళ్లిపీటల దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటల్ని విని నేర్చుకున్నారు. అలాంటి పాటలు సభల్లో పాడదగినవి కావని చదువుకున్నవాళ్లు అనుకునే కాలంలో వాటిని వేదిక ఎక్కించారు. అంతటితో ఆగక స్వరాలు రాసి పుస్తకాలుగా అచ్చువేయించారు. పాటను పాడటం ఒక పని. విన్నదాన్ని విన్నట్టు స్వరం రాసి మరొకరు పాడుకునేలా నిలపడం ఇంకో పని. రెండో పనికి చప్పట్లు ఉండవు. అనసూయాదేవి రెండూ చేశారు. చివరి కాలం అమెరికాలోని హ్యూస్టన్‌లో గడిపి, 2019లో 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె కట్టిన బాణీ ఆ ఏడాది ఆగస్టులోనూ ప్రతి బడిలో మోగింది. పాడిన పిల్లలకు ఆమె పేరు ఎవరూ చెప్పి ఉండరు.

ఈ ప్రసంగంలో నేను మాట్లాడదలచుకున్నది ఇటువంటివారి గురించే. పాట నలుగురి నోళ్లలో ఉంటుంది. దానికి ప్రాణం పోసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా వినిపించదు. సినిమా పాటకు తెర మీద నాలుగు పేర్లయినా పడతాయి. రేడియో కోసం పుట్టిన లలితగీతానికి, భక్తిగీతానికి, దేశభక్తి గేయానికి ఆ వసతి కూడా లేదు. అనౌన్సరు ఒక్కసారి పేరు చెబుతారు. ఆ క్షణాన వంటింట్లో కుక్కరు కూసిందంటే పేరు పోతుంది, పాట మిగులుతుంది.

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తెలుగువాళ్లకు అప్పట్లో అదే పెద్ద ఆధారం. 1941లో అక్కడ ఉద్యోగంలో చేరిన ఒక యువకుడు తెలుగు పాట నడకనే మార్చేశాడు. ఆయనే బాలాంత్రపు రజనీకాంతరావు. అందరికీ రజని. 1920లో నిడదవోలులో పుట్టారు. తండ్రి వేంకటరావు గారు వేంకట పార్వతీశ కవుల్లో ఒకరు. అంటే ఇంట్లోనే కవిత్వం. రజని పాట రాయగలరు, బాణీ కట్టగలరు, పాడగలరు, వాద్యబృందాన్ని నడిపించగలరు. ఒకే మనిషి ఇవన్నీ చేస్తే మాటకూ స్వరానికీ మధ్య అతుకు కనపడదు. రజని పాటల్లో మాట ఎక్కడ విరగాలో అక్కడే స్వరం విరుగుతుంది. పదాన్ని తాళం కోసం నరికిన చోటు నాకు ఇంతవరకూ దొరకలేదు.

1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైనప్పుడు మద్రాసు కేంద్రం నుంచి తెలుగువాళ్లు విన్నది రజని పాటే. ‘మాది స్వతంత్ర దేశం’ అన్న ఆ గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి పాడారు. ఆ పాటలో దుఃఖం లేదు, ఆవేశంతో కేకలు లేవు. ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి సిద్ధమైన మనిషి గొంతులో ఉండే నిబ్బరమే దాని నిండా ఉంది. అంతటి చరిత్రగల పాటను పిల్లలకు ఏటా నేర్పాలని బడులకు తోచకపోవడం నన్ను బాధపెడుతుంది.

రజని ప్రతిభ సినిమాకూ వెళ్లింది, కానీ పేరు వెళ్లలేదు. అప్పట్లో రేడియో ఉద్యోగి బయట సొంత పేరు వేసుకోవడానికి వీలుండేది కాదు. అందుకని మారుపేర్లతో, సోదరుడు నళినీకాంతరావు పేరుతో పాటలు బయటికి వచ్చాయి. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతి గారిని ఒక్కసారిగా తెలుగునాట ఇంటింటికీ తీసుకుపోయిన పావురం పాట వెనక ఉన్నది రజని చేయే. ఆ పాట తెలియని పాతతరం తెలుగువాళ్లు లేరు. అది రజని పాట అని తెలిసినవాళ్లు మాత్రం కొద్దిమందే. ఆయన రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో పాట కట్టినవారందరి పేర్లనూ వెతికి, పోగుచేసి, పుస్తకంగా నిలబెట్టిన మనిషి తన పేరును మాత్రం తెర వెనక ఉంచుకోవలసి వచ్చింది. 2018లో, 98 ఏళ్లు నిండాక, విజయవాడలో వెళ్లిపోయారు.

సూర్యకుమారి గారి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రాజమండ్రిలో పుట్టారు. ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. చిన్నపిల్లగా సినిమాల్లోకి వచ్చి, పాటలు పాడి, నటించి, ‘మా తెలుగు తల్లికి’ గ్రామఫోను రికార్డుతో ఒక తరం నోట నిలిచారు. ఆ గీతాన్ని శంకరంబాడి సుందరాచారి ఒక సినిమా కోసం రాశారనీ, సినిమాలో దానికి చోటు దక్కలేదనీ చాలామందికి తెలియదు. సినిమా వద్దన్న పాటను రికార్డు బతికించింది. ఆ రికార్డులోని గొంతు బతికించింది. 78 చుట్ల రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో ఆలాపనకు చోటు లేదు, గమకాలతో ఆడుకోవడానికి తీరిక లేదు. మొదటి మాటకే వినేవాడి చెవిని పట్టుకోవాలి. సూర్యకుమారి గొంతులో ఆ గుణం ఉంది. మాట స్పష్టంగా, గుండ్రంగా, తెలుగు వాసనతో పలుకుతుంది. తర్వాత ఆమె న్యూయార్క్‌లో రవీంద్రుడి నాటకంలో రాణి సుదర్శనగా నటించి 1961లో ఓబీ నాటక బహుమతి అందుకున్నారు. లండన్‌లో స్థిరపడి, అక్కడ భారతీయ కళలను నేర్పుతూ 2005లో కన్నుమూశారు. తెలుగు గొంతుతో ప్రపంచం చుట్టివచ్చిన ఇలాంటి మనిషి మరో భాషలో పుట్టి ఉంటే ఈపాటికి ఆమె జీవితం మీద ఎన్ని పుస్తకాలు వచ్చేవో.

ఇక రేడియోలో లలితసంగీతం ఒక శాఖగా ఎలా నిలబడిందో చెబుతాను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1952 నుంచి పదేళ్లు సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. రేడియోలో వాటికి చోటు బాగా తగ్గించారు. జనం ఊరుకోలేదు, రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957లో సినిమా పాటలు వినిపించే వివిధభారతి తేవలసి వచ్చింది. కేస్కర్ గారి పట్టుదల గురించి ఎవరేమన్నా, దానివల్ల ఒక మేలు జరిగింది. సినిమా పాట ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి వినిపించాలి కదా. అందుకని ప్రాంతీయ భాషల్లో మంచి కవుల చేత రాయించి, మంచి విద్వాంసుల చేత బాణీలు కట్టించే విభాగాలు కేంద్రాల్లో మొదలయ్యాయి. తెలుగులో కృష్ణశాస్త్రి, దాశరథి, నారాయణరెడ్డి వంటి కవుల గేయాలు పాటలుగా అలాగే ఇళ్లకు చేరాయి.

ఆ పాటల రుచికి ఒక కారణం హార్మోనియం లేకపోవడం అని నా నమ్మకం. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణిలో హార్మోనియం నిషేధం. దాని మెట్లు మన గమకానికి ఒదగవని అప్పటివారి వాదన. ఆ నిషేధం సరైందా కాదా అన్న తగవు ఇప్పటికీ ఉంది. హార్మోనియం వాయించేవాళ్లకు అది తీరని అన్యాయమే. అయితే పాట వైపు నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది. బాణీ కట్టే మనిషి తంబూరా పెట్టుకుని గొంతుతోనో, వీణ మీదో, వయొలిన్ మీదో కట్టాలి. మెట్టు మీద వేలు పెట్టి వెతికే అవకాశం లేదు. అందుకే ఆ కాలపు లలితగీతాల్లో స్వరం నుంచి స్వరానికి జారే తీరు అంత మెత్తగా ఉంటుంది. వేణువు, వయొలిన్, క్లారినెట్, వీణ, తబలా, ఇంతే సామగ్రి. పల్లవి అయ్యాక వేణువు రెండు పంక్తులు వాయిస్తుంది, చరణం మొదలవుతుంది. ఆ రెండు పంక్తుల్లో చరణం రాగానికి దారి వేసి ఉంటుంది.

హైదరాబాదు కేంద్రంలో లలితగీతాలకు బాణీ కట్టే పనిని కన్నతల్లి శ్రద్ధతో చేసినవారు పాలగుమ్మి విశ్వనాథం. కథకుడు పాలగుమ్మి పద్మరాజు గారికి తమ్ముడు. ‘అమ్మ దొంగా’ అంటే మీలో చాలామందికి పాట మొదలైపోతుంది. వేదవతీ ప్రభాకర్ గొంతులో విన్నవాళ్లు మరచిపోలేరు. రాసిందీ, బాణీ కట్టిందీ విశ్వనాథం గారే. తల్లి చిన్న కూతురితో మాట్లాడుతున్న పాట అది. కాసేపు కనపడకపోతే బెంగ అంటుంది. కథ చెప్పించుకునే దాకా వదలని పిల్ల అల్లరి చెబుతుంది. ఉన్నట్టుండి, ఎవరో ఒక పిల్లవాడు వచ్చి ఈ పిల్లను తీసుకుపోయే రోజు గుర్తుకొస్తుంది.

ఆ మలుపు దగ్గర బాణీ ఏం చేస్తుందో గమనించండి. సాధారణంగా ఏ సంగీత దర్శకుడైనా అక్కడ విషాదం కుమ్మరిస్తాడు. వయొలిన్లు ఏడుస్తాయి. విశ్వనాథం గారు అలా చేయలేదు. జోలపాట నడక జోలపాట నడకగానే ఉంది. అమ్మ గొంతు పెంచదు. పిల్ల ఎదురుగా ఉంది కాబట్టి ఏడవదు. ఒళ్లో పిల్లను ఊపుతున్న చెయ్యి ఊపుతూనే ఉంటుంది. వినేవాళ్ల గొంతులో మాత్రం ఏదో అడ్డం పడుతుంది. సంయమనం ఎంత కష్టమో బాణీ కట్టేవాళ్లకు తెలుసు. తెలుగులో అమ్మ మీద వచ్చిన పాటల్లో నేను దీనికే మొదటి పీట వేస్తాను. ఇది రేడియోకు పుట్టిన పాట కాబట్టి ‘తెలుగు మేలిపాటలు’ అని ఎవరు జాబితా వేసినా అందులోకి రాదు. సినిమా పాట ఒక్కటే పాట అనుకునే అలవాటు మనది. విశ్వనాథం గారు తొంభై ఏళ్లకు పైగా జీవించారు. ఆయన కట్టిన పాటలు ఎన్నో ఉన్నాయి. మనలో చాలామంది ఒక్కటి విన్నారు.

అదే హైదరాబాదు కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ ‘కలసి పాడుదాం’ అంటూ శ్రోతలకు లలితగీతాలు నేర్పారు. రాసుకోండి అని పాట చెప్పి, పంక్తి పంక్తీ పాడించి నేర్పే ఆ పద్ధతి వల్ల సంగీతం టీచరు లేని ఊళ్లో కూడా ఒక అమ్మాయి మంచి పాట నేర్చుకోగలిగింది.

విజయవాడకు వస్తే నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలి. అక్కడ ఓలేటి వేంకటేశ్వర్లు గారు ఉన్నారు.

ఓలేటి 1928లో రాజమండ్రిలో పుట్టారు. కాకినాడలో మునుగంటి వెంకట్రావు పంతులు గారి దగ్గర, ఆ తర్వాత శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నారు. పినాకపాణి గారు వృత్తికి వైద్యులు. పొద్దున రోగుల్ని చూసి, మిగతా కాలం రాగాన్ని పట్టుకున్నవారు. ఆయన శిష్యుల్లో నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి ఒక్కొక్కరు ఒక్కో శిఖరం. వారిలో ఓలేటి గారి పేరే తెలుగునాడు దాటి బయట అందరికంటే తక్కువగా వినిపించింది. మద్రాసు సంగీత సీజన్లో పెద్దపెద్ద అక్షరాలతో ఉండవలసిన పేరు అది. ఆయన విజయవాడ రేడియో కేంద్రాన్నే తన వేదిక చేసుకున్నారు.

ఆయన పాటలో ఏముంది? పినాకపాణి గారి దగ్గర వచ్చిన గట్టి కర్ణాటక పునాది ఉంది. దాని మీద బడే గులాం అలీఖాన్ గానం మీద ఆయనకున్న మోహం ఉంది. రెండూ కలిపితే ముక్కలు ముక్కలుగా కనపడే ప్రమాదం ఉంది. చాలామంది విషయంలో అలాగే అయింది. ఓలేటి గారి గొంతులో అది ఒకే ప్రవాహం. ఒక స్వరం మీద నిలబడి, దాన్ని సన్నగా చేసి, దాదాపు వినపడనంత మెత్తగా తెచ్చి, అక్కడి నుంచి పై స్థాయికి వెళతారు. ఆ వెళ్లే దారిలో ఒక్క గమకం కూడా రాగం గీత దాటదు. కర్ణాటక విద్వాంసుడు తన రాగాన్ని వదలకుండా ఆ హిందుస్తానీ తీపిని ఇంత సహజంగా ఇముడ్చుకోవడం నేను మరో గొంతులో వినలేదు. రేడియో కచేరీకి దొరికే కొద్దిపాటి సమయంలో రాగం నిండుగా కనపడాలంటే ఎంత చెప్పాలో తెలియడం కంటే ఏది చెప్పకూడదో తెలియాలి. అది ఆయనకు తెలుసు.

ఓలేటి గారు విజయవాడ నుంచి ‘సంగీత శిక్షణ’ కార్యక్రమం నడిపారు. ఒక పంక్తి తాను పాడతారు. శిష్యులు అంటారు. సంగతి సరిగా పడకపోతే మళ్లీ పాడతారు. గొంతు హెచ్చించరు. త్యాగరాజ కృతిలో పల్లవి సంగతులు ఒకటి మీద ఒకటి ఎలా పెరుగుతాయో రేడియో పెట్టె ముందు కూర్చున్నవాళ్లకు అర్థమయ్యేది. గురువు ఇంటికి వెళ్లి నేర్చుకునే వసతి లేని ఆడపిల్లలకు, పల్లెటూళ్లవాళ్లకు, చిన్న ఉద్యోగులకు అదే గురుకులం. ఎందరికి నేర్పారో లెక్క చెప్పలేం. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవారిలో మల్లాది సూరిబాబు గారు ఉన్నారు. ఆయన కుమారులే ఇవాళ మల్లాది సోదరులుగా దేశమంతా పాడుతున్నారు. వారి గొంతులో ఒక్కోసారి స్వరం మెత్తబడి సన్నగా సాగుతుంది. ఆ చోటు ఓలేటి గారిదని నాకు అనిపిస్తుంది. ఆయన 1989లో, అరవై ఒక్క ఏళ్లకే వెళ్లిపోయారు.

శ్రీరంగం గోపాలరత్నం గారు ఆ విజయవాడ వైభవంలో మరో గొంతు. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చారు. రామదాసు కీర్తన పాడితే గంభీరం, ఎంకి పాట పాడితే పల్లె, లలితగీతం పాడితే లాలిత్యం. మూడింటికీ మూడు గొంతులు ఉన్నాయా అనిపిస్తుంది. 1961లో వచ్చిన ‘బికారి రాముడు’ సినిమాలో ఆమె పాడిన జోలపాట ఒకటుంది, ‘నిదురమ్మా’ అంటూ మొదలవుతుంది. సినిమాను జనం మరచిపోయారు, పాటను మరచిపోలేదు. దానికి సంగీతం బి. గోపాలం. ఈయన ప్రజానాట్యమండలి నుంచి వచ్చినవారు. బుర్రకథల దగ్గర, సభల దగ్గర జనం మధ్య పాడి పాడి పదును తేలిన మనిషి. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాలో ‘కదిలింది కరుణరథం’ ఆయన బాణీయే. గుడ్‌ఫ్రైడే నాడు తెలుగు చర్చీల్లో ఆ పాట వినిపించని ఊరు ఉండదు. మోదుకూరి జాన్సన్ రాసిన మాటలకు, బాలసుబ్రహ్మణ్యం గొంతుకు రావలసిన గౌరవం వచ్చింది. బాణీ ఎవరిదంటే చెప్పేవాళ్లు తక్కువ. ఒక ఇంట్లో పిల్లను నిద్రపుచ్చుతున్న పాట, మరో చోట వేలమంది కన్నీళ్లతో పాడుతున్న పాట, రెండూ ఒకే మనిషివి. ఆయన చేసిన సినిమాలు తక్కువ. అవకాశాలు ఇంకా వచ్చి ఉంటే ఏమి చేసేవారో ఈ రెండు పాటలే చెబుతున్నాయి.

గోపాలరత్నం గారికి 1992లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాదే, ఇంకా ఎంతో పాడవలసిన వయసులో, కన్నుమూశారు.

అన్నమయ్య పాటల దగ్గర ఈ మరపు ఇంకా చిత్రంగా ఉంటుంది. తిరుమల రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఎలా పాడారో చెప్పే గుర్తులు ఆ రేకుల్లో లేవు. ఇవాళ మనం వినే బాణీల్లో చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదట దారి చూపారు. సంస్కృతం, ప్రాకృతం, తెలుగు, సంగీతం నాలుగూ తెలిసిన అనంతపురం జిల్లా పండితుడు. విజయవాడ రేడియోలో మల్లిక్ గారు ఎన్నో కీర్తనలకు బాణీలు కట్టారు. ‘నానాటి బతుకు’ను రేవతి రాగంలో వింటుంటే ఐదువందల ఏళ్ల నాటి వైరాగ్యం అప్పటి స్వరంతోనే మన దాకా వచ్చినట్టు ఉంటుంది. ఆ స్వరం నేదునూరి కృష్ణమూర్తి గారిది. ‘వినరో భాగ్యము విష్ణుకథ’కు బాణీ గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారిది. ఆయన 2025 మార్చిలో వెళ్లిపోయారు. తాము కట్టిన బాణీ అన్నమయ్యదే అని జనం నమ్మేంతగా అది ఆ మాటలకు అతికిపోవడం వారి ఘనత. అలాగని పాడేటప్పుడు వారి పేరు చెప్పకుండా ఉండటం న్యాయం కాదు. కచేరీలో ‘అన్నమాచార్య కృతి, రేవతి రాగం, ఆది తాళం’ అని చెప్పేవాళ్లు ఇంకో రెండు మాటలు, ‘నేదునూరి స్వరరచన’ అని కలిపితే చాలు. కొందరు చెబుతున్నారు. వాళ్లకు నా నమస్కారం.

రేడియో వినే అలవాటున్నవాళ్లకు ఒక మాట బాగా గుర్తుంటుంది: నిలయ విద్వాంసులు. కార్యక్రమం చివర వాద్య సహకారం అందించినవారు నిలయ విద్వాంసులు అని వినేవాళ్లం. ఆ మాట వెనక ఎవరున్నారు? విజయవాడలో వయొలిన్ మీద అన్నవరపు రామస్వామి గారు ఉన్నారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడు, బాలమురళీకృష్ణ గారికి సహాధ్యాయి. దశాబ్దాల పాటు ఎందరో గాయకుల వెనక కూర్చుని వాయించారు. 2021లో, తొంభై దాటాక, పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతి గారికీ వచ్చింది. ఆమె భర్త రామమోహనరావు గారు విజయవాడ కేంద్రంలో మృదంగ విద్వాంసులు. మృదంగం మగవాళ్ల వాద్యం అన్న కాలంలో ఆ దంపతులు వేదిక మీద పక్కపక్కన కూర్చుని వాయించారు.

వీణ ఈమని శంకరశాస్త్రి గారిదీ ఈ వరసే. ద్రాక్షారామంలో పుట్టి, జెమినీ స్టూడియోలో పనిచేసి, మద్రాసు రేడియోకు వచ్చి, ఢిల్లీలో ఆకాశవాణి వాద్యబృందానికి సంచాలకులుగా ఎన్నో రచనలు చేశారు. దేశంలోని అన్ని వాద్యాలనూ ఒకచోట కూర్చోబెట్టి, పశ్చిమదేశాల ఆర్కెస్ట్రా పద్ధతిని అరువు తెచ్చుకోకుండా, మన రాగంతోనే పెద్ద నిర్మాణం చేయవచ్చని చూపించారు. చిట్టిబాబు గారి వీణ తెలియని ఇల్లు లేదు. చిట్టిబాబు గారి గురువు శంకరశాస్త్రి గారని తెలిసిన ఇళ్లు కొన్నే.

ఈ సంగీతం ఇవాళ ఎంత మిగిలింది అంటే సంతోషంగా చెప్పగలిగిన జవాబు లేదు. టేపు ఖరీదైన రోజుల్లో పాత రికార్డింగు చెరిపి దాని మీదే కొత్తది చేయడం మామూలు విషయం. ఆ పని చేసినవాళ్లను నిందించలేం, రేపటి ప్రసారానికి టేపు కావాలి. అలా ఎన్నో పాటలు గాలిలో ఒకసారి మోగి గాలిలోనే పోయాయి. మిగిలినవాటిలో కొన్ని ఆకాశవాణి భాండాగారాల్లో ఉన్నాయి. మరికొన్ని శ్రోతల ఇళ్లల్లో ఉన్నాయి. రేడియో పక్కన టేప్ రికార్డరు పెట్టి, ఫ్యాను ఆపి, పిల్లల్ని మాట్లాడొద్దని కేకలేసి రికార్డు చేసుకున్నవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. ఇవాళ దొరుకుతున్న ఓలేటి గారి, గోపాలరత్నం గారి పాటల్లో చాలా వరకు అలాంటి ఇళ్ల నుంచే వచ్చాయి.

మీ అటకల మీద, బీరువాల కింద అరల్లో అలాంటి క్యాసెట్లు ఉంటే దయచేసి పారేయకండి. తేమ తగలని చోట, నిలువుగా పేర్చి ఉంచండి. చాలాకాలంగా తిప్పని క్యాసెట్‌ను ఆత్రంగా ప్లేయరులో పెట్టకండి, టేపు అతుక్కుపోయి తెగవచ్చు. తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించి, ఒకసారి డిజిటల్‌లోకి మార్పించండి. అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఈ గొంతు ఎవరిది, వేణువు ఎవరిది, బాణీ ఎవరిది, ఏ కేంద్రం, సుమారుగా ఏ ఏడాది అని వాళ్లను అడగండి. వాళ్లకు ఠక్కున గుర్తొస్తుంది, నేను చాలామంది విషయంలో చూశాను. వాళ్లు చెబుతుండగానే పెన్సిలుతో క్యాసెట్ అట్ట మీద రాయండి. ఫోనులోకి ఎక్కించేటప్పుడు పాటకు ఆ పేర్లన్నీ జతచేసి పంపండి. కవి పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు.